కుండ ఇవ్వనన్న కుమ్మరి

ఠాణాకు కొత్తగా వచ్చే పిల్లలకు నేను మొదట చెప్పే మాట ఒకటే. ఫిర్యాదు అందగానే దొంగ ఎవరని అడగకండి. ఆ రోజు ఊళ్ళో ఏం జరిగిందని అడగండి. దొంగ ఎవరని అడిగితే ఎవరో ఒకరి పేరు వస్తుంది. పేరు వచ్చాక మీ బుర్ర ఇక పనిచేయదు, లాఠీయే పనిచేస్తుంది. నా నౌకరీలో చేసిన తప్పుల్లో సగం ఆ ఒక్క ప్రశ్నతో మొదలైనవే.

హైదరాబాద్ రాజ్యం యూనియన్‌లో కలిసిన కొత్తలో నేను సబ్ ఇన్‌స్పెక్టర్‌గా చేరాను. ఆదిలాబాద్, కరీంనగర్ జిల్లాలు దాటి పోలేదు. ఏ ఏడు ప్రమోషన్ వచ్చింది, ఎవరు అడ్డం పడ్డారు అన్నవి రాయను. అవన్నీ సర్వీసు పుస్తకంలో ఉన్నాయి, చెదలు తినకుండా ఉంటే. ఒక ఓటమి, ఒక గెలుపు రాస్తాను. ఓటమి ముందు రాయాలి, ఎందుకంటే అది లేకుంటే ఆ గెలుపు నాకు దక్కేది కాదు.

బారిష్టరు పాఠం

శిక్షణలో మాకు చట్టం చెప్పిన పెద్దమనిషి లండన్‌లో చదివొచ్చిన ముసలి బారిష్టరు. సెక్షన్లు చెప్పమంటే ఆయనకు నిద్రొచ్చేది. ఏడెనిమిది వందల ఏళ్ళ కిందటి ఇంగ్లండు ముచ్చట్లు చెప్పమంటే మాత్రం కుర్చీలోంచి లేచేవాడు.

ఆ కాలంలో అక్కడ మనలాంటి పోలీసులే లేరట. ఊళ్ళో మగవాళ్ళను పదేసి మందిని ఒక జట్టుగా కట్టేవారు. అందులో ఒకడు తప్పు చేసి పారిపోతే మిగిలిన తొమ్మిదిమందీ జవాబు చెప్పాలి. దొంగను చూసినవాడు గట్టిగా కేక వేస్తే, విన్నవాడల్లా చేతిలో పని వదిలి దొంగ వెంట పరిగెత్తాలి. పరిగెత్తకపోతే వాడికీ శిక్షే. తరుముతుంటే నేరస్తుడు గుడిలోకి దూరాడా, నలభై రోజులు వాణ్ణి ఎవరూ ముట్టకూడదు.

నేరం ఎవరిదో తేలనప్పుడు కాలిన ఇనుప కడ్డీ చేతికిచ్చి తొమ్మిది అడుగులు నడిపించేవారు. చేతికి గుడ్డ కట్టి మూడో రోజున పూజారి విప్పి చూసేవాడు. పుండు మానుతుంటే నిర్దోషి, చీము పడితే దోషి.

మేమంతా పగలబడి నవ్వాము. ఒకడు లేచి, మా ఊళ్ళో ఇనుము కాదు సార్, నూనె అన్నాడు. నవ్వు ఆగిపోయింది. నిజమే కదా. మా పల్లెల్లో కాగే నూనెలో చెయ్యి పెట్టించే ఆచారం అప్పటికింకా పోలేదు. ఇంగ్లండువాళ్ళు దాన్ని ఎట్లా ఆపారని నేను అడిగాను. దొరల కత్తులతో ఆగలేదన్నాడు బారిష్టరు. పదమూడో శతాబ్దం మొదట్లో, ఈ పనిలో పూజారులెవరూ చెయ్యి పెట్టొద్దని వాళ్ళ మతపెద్దలు కట్టడి చేశారట. ఇనుమును దీవించే పూజారే రాకపోతే అది వట్టి కాలిన ఇనుమే. దాని మాట ఎవడు నమ్ముతాడు? పరీక్ష దానంతటదే పడిపోయింది. ఇక న్యాయం ఎట్లా చెప్పాలో తెలియక, ఇరుగుపొరుగు పన్నెండుమందిని కూర్చోబెట్టి అడగడం మొదలుపెట్టారట.

పాఠం బాగుందనుకున్నాను. అది నాకు పనికొచ్చేదని మాత్రం అనుకోలేదు.

గంగారాం చెయ్యి

నా మొదటి ఠాణా ఖానాపూర్ వైపు. ఒక రైతు జత ఎడ్లు కనపడకుండా పోయాయి. ఆ ఇంట్లో పాలేరుగా జీతం ఉండి మానేసిన గంగారాం మీద అనుమానం. నూనెలో చెయ్యి పెట్టించాలని ఊరు తీర్మానించింది. సంగతి తెలిసి సైకిలు మీద దుమ్ము లేపుకుంటూ పోయాను. అప్పట్లో శాంతిభద్రతలకు ఊరిలో జవాబుదారీ పోలీసు పటేలుది. ఆయన్ను నలుగురిలో నిలబెట్టి కడిగేశాను. నూనె పొయ్యి వెలిగితే ఊరంతటినీ లోపలేస్తానన్నాను. గంగారాం ఏదో చెప్పబోతే, నీ చెయ్యి కాపాడినా కదా, ఇంటికి పో అని కసిరాను. సినిమాలో హీరోలా సైకిలెక్కి వచ్చేశాను.

మూడో రోజు గంగారాంను దవాఖానాకు తెచ్చారు. కుడిచెయ్యి మణికట్టు దాకా కాలింది. మా ఠాణా హద్దు దాటి, వాగవతల చేనులో పొయ్యి పెట్టారట. నేను మండిపడుతూ ఎవరు బలవంతం చేశారో చెప్పమని అడిగాను.

"ఎవ్వలు చెయ్యలే సాబ్. నేనే పెడతనన్న," అన్నాడు. "మీరు ఆపి పోయిన్రు. గని నేను దొంగనే అయిన. ఎవ్వలు పనికి పిలువలే. నా పెండ్లాం గూడ నా మొకం చూడలే."

నెల తిరక్కుండా ఎడ్లు దొరికాయి. అడవి దాటి పక్క ఊళ్ళో తప్పిపోయిన పశువుల్ని కట్టే బందెలదొడ్డిలో ఉన్నాయి. తప్పిపోయాయి తప్ప ఎవరూ తోలుకుపోలేదు. అయినా ఊరు తన మాట మార్చలేదు. ఎడ్లు కాకుంటే ఇంకేదో పాపం చేసి ఉంటాడు, ఊరికే చెయ్యి కాలుతుందా అన్నారు. గంగారాం పెళ్ళాం పిల్లలతో ఆ ఊరు విడిచిపోయాడు.

పోలీసు పటేలు మీద కేసు రాశాను. శిక్ష కూడా పడింది. మా సర్కిల్ ఇన్‌స్పెక్టర్ మెచ్చుకుంటాడని కాగితాలు పట్టుకుని వెళ్ళాను. ఆయన నిజాం జమానాలో నౌకరీ మొదలుపెట్టిన పాతకాలపు మనిషి, నగరం నుంచి వచ్చినవాడు. సర్కిల్ సాబ్ కాగితాలు పక్కన పెట్టి నా మొహంలోకి చూశాడు.

"ఊరి మీద నువ్వు గెలిచినవ్ మియా. గా గరీబోడు ఓడిండు," అన్నాడు. ఇంకో మాట కూడా అన్నాడు. "నీ ఠాణాల దెబ్బలకు ఒప్పుకున్నోడు దొంగ, ఓర్చుకున్నోడు దొర. గీ లాఠీకి గా నూనెకు ఫరక్ ఏందో జర చెప్పు."

సిగ్గుతో చెప్తున్నాను, ఆ నెలలోనే ఇద్దర్ని అట్లా కొట్టి ఉన్నాను. ఇప్పటికీ ఆ ప్రశ్నకు ఎవరి దగ్గరా జవాబు లేదు. తన దగ్గర ఉందని చెప్పే పై అధికారి దొరికితే ఆయనకు దూరంగా ఉండండి.

రాజవ్వ కోరిక

నాలుగైదేళ్ళ తర్వాత హుస్నాబాద్ వైపు ఒక ఠాణాకు మార్చారు. అక్కడి ఒక ఊరి పేరు రాయను, వాళ్ళ మనవలు అక్కడే ఉన్నారు. ఆ ఊరి కావలికారు ఎల్లయ్య ఒక పొద్దున నడిచి నడిచి ఠాణాకు వచ్చాడు. సోమవారం పటేలు ఇంట్లో వెండి కడియాలు పోయాయి. ఆ రోజు చీర ఇవ్వడానికి సాలెవాడ నుంచి రాజవ్వ ఆ ఇంటికి వచ్చి, పటేలు తల్లితో కాసేపు కూర్చుంది. దొంగ ఆమేనన్నారు. గురువారం పోచమ్మ గద్దె ముందు నూనె పెడుతున్నారు. పటేలుకు తెలియకుండా వచ్చాను సాబ్, ఆమెది మగ్గం నేసే చెయ్యి అన్నాడు ఎల్లయ్య.

రాజవ్వ భర్త పోయిన మనిషి. మగ్గం గుంటలో తనే దిగి నేసి ఇద్దరు ఆడపిల్లల్ని సాకుతోంది. చెయ్యి కాలితే ఆ ఇంట్లో పొయ్యి వెలగదు. బుధవారం నేను సాలెవాడకు పోయి, భయపడకు, ఆపిస్తాను అన్నాను. ఆమె దండం పెడుతుందనుకున్నాను. కస్సుమంది.

"మీరు ఆపకుండ్రి సారూ. నేను తియ్యలే. పెడత, కాలది. గప్పుడు అందరి నోర్లు మూతపడతయ్."

గంగారాం నా ముందు నిలబడినట్టయింది. ఆపితే ఈమె బతికినంత కాలం దొంగ, ఆపకపోతే అవిటిది. నేను అరవలేదు. ఎవర్నీ లోపలేస్తానని అనలేదు. సాలెవాడలో ఒక అరుగు మీద కూర్చుని, ఈ నూనె పరీక్ష ఎట్లా చేస్తారో వరసగా చెప్పమని పెద్దమనుషుల్ని అడిగాను. చెప్తూ పోయారు. కుమ్మరి కిష్టయ్య ఆ ఊరి పోచమ్మకు పూజారి. వాడని కొత్త కుండ అతనే తేవాలి. అమ్మకు దీపం పెట్టి, కుండను గద్దెకు తాకించి, నూనె పోసి, మంట పెట్టి, పలకాల్సిన మాటలు పలకాల్సింది కూడా అతనే. ఇంకెవరు చేసినా చెల్లదు.

బారిష్టరు కుర్చీలోంచి లేచి నిలబడటం నాకు గుర్తొచ్చింది. ఇన్నేళ్ళు ఆ పాఠం నా దగ్గర ఊరికే పడి ఉంది. లేచి కుమ్మరివాడకు నడిచాను.

కిష్టయ్య

కిష్టయ్య సారె తిప్పుతున్నాడు. యాభై దాటిన మనిషి, మాట తక్కువ. నేను వచ్చిన పని తెలిసినా చెయ్యి ఆపలేదు. నేను కూడా ఆపమని చెప్పలేదు, పక్కన మట్టిలో కూర్చున్నాను. ఎన్నిసార్లు పెట్టించావని అడిగితే మూడుసార్లన్నాడు. ఎవరి చెయ్యైనా కాలకుండా వచ్చిందా అంటే, ఒకడికి కాలలేదన్నాడు. ఎట్లా అన్నాను.

"మంట నా చేతిలున్నది సారూ. నేను జర తక్కువ పెట్టిన. వాడు తియ్యలేదని నాకు ఎరుకే."

మిగతా ఇద్దరి సంగతి అడగకముందే అతనే చెప్పాడు. ఒకడు దొంగే. ఇంకొకడి సంగతి తనకు తెలియక మంట సరిగానే పెట్టాడు. ఏడాది తిరిగాక అసలు దొంగ బయటపడ్డాడు.

"గా చెయ్యి కాలినాయన ఇప్పటికి నా దగ్గరనే కుండలు కొంటడు. ఒక్క మాట అనడు. ఎడమ చేత్తోటి పట్టుకపోతడు."

అట్లయితే తీర్పు చెప్పేది పోచమ్మనా, నువ్వా అని అడిగాను. నా నౌకరీలో నేను వేసిన మంచి ప్రశ్న అదొక్కటే. అతను సారె ఆపేశాడు. చేతికున్న మట్టిని చాలాసేపు చూసుకున్నాడు. కుండ తేనని నేను ఒట్టు వేయించుకోలేదు. లేచి వచ్చేశాను. రేపు అతను కుండ పట్టుకుని వస్తే నేనేం చేయాలో నాకే తెలియదు.

గద్దె ముందు

గురువారం ఎండ ఎక్కకముందే ఊరంతా గద్దె దగ్గరుంది. పొయ్యి రాళ్ళు పెట్టారు. గానుగ నూనె వచ్చింది. రాజవ్వ చేతికి పసుపు రాసి పక్కన నిలబెట్టారు. ఆమె ఇద్దరు బిడ్డలు సాలెవాళ్ళ ఆడవాళ్ళ వెనక దాక్కున్నారు. నేను ఒక పక్కన, టోపీ తీసి, నోరు మూసుకుని నిలబడ్డాను. నోరు మూసుకోవడం నా వల్ల అయ్యే పని కాదని మా ఇంట్లో అందరికీ తెలుసు. ఆ రోజు అయింది.

కిష్టయ్య వచ్చాడు. చేతుల్లో ఏమీ లేదు.

"కుండ ఏది?" అన్నాడు పటేలు.

"ఇయ్య పటేలా." గొంతు పెద్దగా లేదు, అయినా అందరికీ వినపడింది. "అమ్మకు బోనం కుండ చేస్త. పెండ్లికి ఐరేని కుండలు చేస్త. పీనుగ ముందటికి గూడ చేస్త. మనిషి చెయ్యి కాల్చేటందుకు చెయ్య. అమ్మ నాకు గా పని చెప్పలే."

పటేలు మొహం ఎర్రబడింది. నీ కుండ ఎవనికి కావాలె, అంగట్లో కొనుక్కొస్తా అన్నాడు. ముసలివాళ్ళు తలలు అడ్డంగా ఊపారు. పూజారి తాకించని కుండలో సత్యం ఉండదు, అది కూర వండే నూనె అన్నారు. ఎవరూ నా వైపు చూడలేదు. పొయ్యి వెలగలేదు. ఎగిరి గంతేయాలనిపించింది. నా ఒంటి మీద ఖాకీ ఉంది కాబట్టి ఊరుకున్నాను.

రాజవ్వ మాత్రం అక్కడే కూలబడి ఏడ్చింది. మరి నన్ను సచ్చేదాక దొంగనే అంటరు కదా అని. ఆ ఏడుపుతో నా సంబరం దిగిపోయింది. సగం పనే అయింది. ముందుకొచ్చి, రేపు పొద్దుగూకే లోపల కడియాల సంగతి తేలుస్తానని అందరి ముందు మాటిచ్చేశాను. అందాకా ఆమె ఊరు దాటదని ఎవరు పూచీ అని పటేలు అడిగాడు. సాలెవాడలో ఒక ముసలాయన లేచాడు. ఆయన వెనక ఇంకొకరు, ఆయన వెనక ఇంకొకరు. చివరికి ఆ వాడలో పది ఇండ్లవాళ్ళు లేచి నిలబడ్డారు.

గుమ్మి

పటేలు ఇంటికి పోయి నేను దొంగ ఎవరని అడగలేదు. సోమవారం ఊళ్ళో ఏం జరిగిందని అడిగాను. అందరూ చెప్పింది ఒకటే. రోడ్డుకు కంకర పోసే లారీలు రెండు ఆ రోజే మొదటిసారి ఊళ్ళోకి వచ్చాయి. లారీలు వచ్చినప్పుడు ఎవరెక్కడున్నారని ఒక్కొక్కరినీ అడిగాను. రాజవ్వ అప్పటికే చీర ఇచ్చి పోయింది. పటేలు చేనులో ఉన్నాడు. పటేలు తల్లి మాత్రం లారీలు వచ్చింది మొదలు పొద్దుగూకేదాకా గింజల కొట్లోంచి బయటికి రాలేదని కోడలు చెప్పింది.

ముసలమ్మ దగ్గర కూర్చుని లారీల మాట ఎత్తాను. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"మల్ల వచ్చిన్రా బిడ్డా?"

రజాకార్లు తిరిగిన రోజుల్లో ఆ ఊళ్ళోకి లారీల్లోనే వచ్చారు. అప్పుడు ప్రతి ఇంట్లో ఆడవాళ్ళు నగలు తీసి గింజల్లో పాతిపెట్టేవారు. మా అమ్మ కూడా అట్లా చేసింది. ఆ కాలం పోయి ఇన్నేళ్ళయినా ఈ ముసలమ్మ చెవిలో ఆ చప్పుడు అట్లాగే ఉంది. లారీ మోత విని చేతికందింది దాచింది, దాచిన సంగతి మరిచిపోయింది.

కొట్లో మనిషెత్తు వెదురు గుమ్మి ఉంది, విత్తనాల జొన్నలతో. మూతి పేడతో అలికి ఉంది. విత్తేదాకా దాన్ని తెరవకూడదు. పేడ ఒక పక్క పాతది, ఇంకో పక్క కొత్తది. ఎప్పుడు అలికావని కోడలిని అడిగితే, నేను అలకలేదు సాబ్ అంది. తెరవండి అన్నాను. ఏటి విత్తనం, పురుగు పడుతుందని పటేలు అడ్డం నిలబడ్డాడు. రాజవ్వ చెయ్యి కన్నా నీ జొన్నలు ఎక్కువా అని అడిగాను, ఈసారి గట్టిగానే. పక్కకు జరిగాడు.

పూచీ నిలబడ్డ సాలెవాళ్ళను సాక్షులుగా పిలిచాను. కోడలు ముక్కాలిపీట ఎక్కి చెయ్యి పెట్టింది. మోచేతి లోతున పాత గుడ్డ మూట తగిలింది. విప్పింది. కడియాలు.

పటేలు గోడకు ఆనుకుని కింద కూర్చుండిపోయాడు. పొద్దు ఇంకా నడినెత్తిన ఉంది. నేనిచ్చిన మాటకు ఇంకో రోజు గడువు మిగిలే ఉంది. నేను గర్వపడ్డాను. ఇప్పుడూ పడుతున్నాను, దాచుకోను.

ఆ మధ్యాహ్నం పటేలు ఎవరి చేతా కబురు పంపలేదు. తనే సాలెవాడకు నడిచి, మగ్గం గుంట ముందు నిలబడి, తప్పు నాది రాజవ్వా, నీది కాదు అన్నాడు. వాడంతా వినేటట్టు అన్నాడు. ఆయన్ను ఆ రోజు దాకా నేను మంచివాడని అనుకోలేదు. రాజవ్వ ఆయన్ను ఒకటే అడిగింది, ముసలవ్వను ఏమీ అనొద్దని.

కిష్టయ్య ఊరుకోలేదు. ఆ ఏడు కులం పెద్దలు కూడినప్పుడు చుట్టుపక్కల కుమ్మరులందరి చేతా నూనె పరీక్షకు కుండ ఇవ్వబోమని మాట తీసుకున్నాడు. నేనున్న నాలుగేళ్ళలో ఆ ఠాణా హద్దులో ఒక్క నూనె పొయ్యీ వెలగలేదు, హద్దు అవతల కూడా. నేను ఒక్క కేసు రాయలేదు, ఒక్కర్ని లోపలేయలేదు.

బదిలీ అయి పోయేముందు ఆ ఊరికి పోయాను. రాజవ్వ మగ్గంలో ఉంది. పెద్దబిడ్డ పక్కన కండెలు చుడుతోంది. మనసులో ఎప్పటినుంచో ఉన్న మాట అడిగేశాను. ఆనాడు కుండ వచ్చి ఉంటే నిజంగా చెయ్యి పెట్టేదానివా?

"పెడుతుంటి సారూ," అంది, పోగుల మధ్య నాడె విసురుతూనే.

కాలితే?

నాడె ఆగింది.

"కాలితే, నేనే తీసి మరిచిపోయిన్నేమో అనుకుంటుంటి. అమ్మ తప్పు చెప్పది గదా. నా బిడ్డలకు గూడ నేనే చెప్తుంటి, మీ అవ్వ దొంగ అని."

అప్పటికి నాలుగేళ్ళుగా నేను ఒక చెయ్యి మాత్రమే కాపాడాననుకుని తిరుగుతున్నాను.